ఏదీ, నోరు తెరు

శశికళ అన్నింటికన్నా ఎక్కువ భయపడేది ఒక్కదానికే. తన కూతురు అక్షత తిండి మానేసి, తను పోగొట్టుకున్న అక్క గిరిజలాగే తన కళ్ల ముందే కరిగిపోతుందేమోనని.

ఆ పొద్దున కూడా కర్ణాటకలోని గదగ్‌లో వాళ్లింట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడుకే అందరూ లేచారు. ఎత్తుపళ్లు సరిచేయడానికి తీగలు వేయించి రెండు నెలలు కాలేదు, పదమూడేళ్ల పిల్లకి చెంపలు లోపలికి పోయాయి. డాక్టరమ్మ పెట్టిన పథ్యం కొంచెమే. ఎండిన కరకర రొట్టె, వేరుశనగ ఉండలు, చెరుకు, అంటుకునే మిఠాయి వద్దంది. పెరుగన్నం, ఇడ్లీ, మెత్తగా ఉడికిన పప్పు పెట్టమంది. జామకాయైనా సరే, సన్నగా తరిగిస్తే పరవాలేదంది. శశికళ తన భయం కొద్దీ చపాతీ కూడా మాన్పించింది, మిరపకాయ బజ్జీ వాసన కూడా తగలనివ్వలేదు. పిల్ల ముద్ద మింగగానే, తీగ ఊడిందేమోనని దగ్గరకొచ్చి "ఏదీ, నోరు తెరు" అనేది.

ఇప్పుడు అక్షత ఎవరి ఎదుటా తినడం లేదు. పళ్లెం పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు చేరవేసుకుంటోంది. మాట్లాడితే నోటికి అరచెయ్యి అడ్డం పెడుతోంది. ఆ చెయ్యి చూస్తే శశికళకు చేతిలో పని ఆగిపోయేది. ఎత్తుపళ్ల గిరిజ చెయ్యి కూడా అలాగే ఉండేది. ఆమె పోయి ఎన్నేళ్లయినా, నోరు మూసుకుని ఈ వంటింటి గడపలోనే నిలబడి ఉన్నట్టుండేది. కూతురికి ఆ గతి పట్టకూడదనే కదా, మొగుడితో పోట్లాడి మరీ ఈ తీగలు వేయించింది.

అంతలో అత్త నీలవ్వ పెరట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"శశీ, మన దూడకి కూడా పళ్లకి తీగలేమన్నా వేయించావా? రోజూ పెరుగన్నమే తింటోంది."

శశికళకు అర్థమైంది. గదిలోకి పోయి పిల్ల భుజం పట్టుకుని ఊపేసింది. ఎన్నాళ్ల నుంచి అన్నం దూడకి పెడుతున్నావని అడిగింది, చచ్చిపోదామనుకున్నావా అని ఏడ్చింది.

"నొప్పెక్కడో చూపించు. ఏదీ, నోరు తెరు."

"తెరవను." అక్షత చెయ్యి నోటి మీదికి వెళ్లింది. "నొప్పి ఎప్పుడో పోయిందమ్మా. నేనేం తిన్నా నువ్వు నోట్లోకే చూస్తావు, సంతలో ఎద్దుని బేరమాడేవాళ్లలాగ. అప్పుడే ఆకలి చచ్చిపోతుంది."

శశికళ చెయ్యి పిల్ల భుజం మీంచి జారిపోయింది. పెళ్లిచూపులకొచ్చిన ప్రతి ఇంటివాళ్లూ గిరిజని నవ్వమనేవారు. అమ్మ వెనకనుంచి గడ్డం ఎత్తి పట్టుకునేది. వాళ్లు వెళ్లాక గిరిజ పళ్లెం తీసుకుని తలుపు వెనక్కి పోయేది. ఎవరూ ఆ తలుపు తోసి చూడలేదు. ఆఖరికి మామూలు జ్వరానికే ఆ ఒళ్లు తట్టుకోలేకపోయింది. అక్కను తినేసిన చూపు ఏదో శశికళకు ఇన్నాళ్లకు తెలిసింది. అది ఇప్పుడు తన కళ్లలోనే ఉంది.

నీలవ్వ పొయ్యి దగ్గర కూర్చుంది. పెనం మీది వేడి రొట్టె తుంచి రోట్లో వేసి, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు, ఎండుమిర్చి కలిపి దంచింది. నెయ్యి పోసి ముద్ద చేసింది. రోజూ తనకోసం చేసుకునే ముటగి అది.

"పళ్లు లేనిదాన్ని నేను, పళ్లకి సంకెళ్లున్నదానివి నువ్వు. మనిద్దరికీ ఇదే రొట్టె. రావే."

అక్షత వచ్చి అజ్జి నీలవ్వ పక్కన కూర్చుంది. శశికళ కూడా పళ్లెం పెట్టుకుని, పిల్లకి భుజం తగిలేలా, ముఖం పొయ్యి వైపు తిప్పుకుని కూర్చుంది. ముద్ద మింగిన చప్పుడు వినపడినా తల తిప్పలేదు. కన్నీళ్లు రొట్టె మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"అమ్మా, ఇంకాస్త నెయ్యి వెయ్యి."

నెయ్యి గిన్నె కోసం లేస్తూ శశికళ గడప వైపు చూసింది. గిరిజ ఇంకా అక్కడే ఉంది. చెయ్యి మాత్రం నోటి మీద లేదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా పళ్లెం పట్టుకుని తలుపు వెనక్కి వెళ్తుంటే, ఈ పూట ఒక్కసారి ఆ తలుపు తోసి చూడండి. ఏమీ అడగకండి. మీ పళ్లెం కూడా తీసుకెళ్లి పక్కన కూర్చోండి.