రాగిణి పేరు

శనివారం పొద్దున్న చంద్రిక సున్నుండల కోసం మినప్పప్పు వేయిస్తుంటే, భర్త రఘు విప్పిన కవరుతో వంటింట్లోకి వచ్చాడు.

"లాయర్ నోటీస్. రాగిణి పంపించింది."

"నాకా? దొంగ రివ్యూ రాసింది తను, నోటీసు నాకా!"

"తనే రాసిందని నీకెలా తెలుసు?"

"నేనమ్మే స్వీట్లకి ఎనభై ఆరు మంది ఫైవ్ స్టార్ ఇచ్చారు. ఒక్కరు వన్ స్టార్ ఇచ్చి 'రుచి లేదు' అన్నారు. ఇంకెవరు? దసరాకి పోటీగా స్వీట్లు మొదలుపెట్టింది తనే కదా!"

రఘు కాగితం టేబుల్ మీద పెట్టాడు. "రుచి లేదనడం ఒకరి అభిప్రాయమట, దాని మీద కేసు నిలవదు. నువ్వు మన కమ్మింగ్ ఊరి తెలుగువాళ్ల ఫేస్‌బుక్ గ్రూప్‌లో ఆరొందల మంది ముందు పేరు పెట్టి, దొంగ అకౌంట్‌తో నా పొట్ట కొడుతోందన్నావు. అది డిఫమేషన్, పరువునష్టం. తనకి పెళ్లి ఆర్డరొకటి పోయిందట. వారంలోగా రుజువు చూపించాలి, లేదా అదే గ్రూప్‌లో తప్పొప్పుకోవాలి. కాదంటే కోర్టు."

"నేనే వేస్తా కేసు! ఆ అకౌంట్ ఎవరిదో బయటికి లాగిస్తా. అప్పుడు చూడాలి దాని మొహం!"

పప్పు మాడిన వాసన వచ్చింది. బల్ల దగ్గర యాలకులు ఒలుస్తున్న శేషమ్మ చేతులు ఆగిపోయాయి. ఇండియా నుంచి అమెరికాలో కూతురి దగ్గరికొచ్చి ఆమెకి రెండు నెలలు.

"లాగక్కర్లేదే. రాసింది నేను."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నువ్విచ్చిన పాత ఫోన్లో చూశాను. అందరూ మెచ్చుకునేవాళ్లే. ఎవరి కళ్లు పడతాయోనని భయమేసింది. చిన్నప్పుడు నీ బుగ్గన కాటుక పెట్టేదాన్ని కదా, అలాగే..."

"నా బిజినెస్‌కి దిష్టిచుక్క పెట్టావా!" చంద్రిక గరిటె సింక్‌లోకి విసిరింది. "పది రోజులుగా నేను అరుస్తుంటే విని ఊరుకున్నావా?"

"నీ కోపం చూసి నోరు పెగల్లేదమ్మా. నా పేరు రాసెయ్. ముసల్ది తెలీక చేసిందని చెప్పు."

చంద్రిక ఇంకా తిట్టబోయి ఆగింది. అమ్మ రాసింది రెండు మాటలు. అందులో రాగిణి పేరు లేదు. ఆ పేరు రాసింది తను. ఎవరినీ అడక్కుండా, క్షణం ఆగకుండా.

స్టవ్ కట్టేసి కారు తాళాలు తీసుకుంది. "పదమ్మా, రాగిణి ఇంటికి."

తలుపు తీసిన రాగిణి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మాయీ, ఆ రాత నాది. నీకు సంబంధం లేదు," అంది శేషమ్మ, చేతులు జోడించి.

రాగిణి ఆ చేతులు పట్టుకుని దింపింది. "పెద్దవారు, మీరు లోపలికి రండి ఆంటీ." చంద్రిక కేసి చూసింది. "నువ్వు గ్రూప్‌లో పెట్టు ముందు. తర్వాత మాట్లాడదాం."

శేషమ్మ లోపలికి వెళ్లాక తలుపు మూసుకుంది.

చంద్రిక మెట్ల మీద కూర్చుని టైప్ చేసింది. 'రాగిణి ఏ తప్పూ చేయలేదు. రుజువు లేకుండా నింద వేశాను. తప్పు నాది.' అమ్మ పేరు రాయలేదు. కన్నీళ్లకి అక్షరాలు అలుక్కుపోతుంటే మళ్లీ మళ్లీ తుడుచుకుని పోస్ట్ చేసింది.

లోపల ఫోన్ మోగిన చప్పుడు.

తర్వాత తలుపు గడియ తీసిన శబ్దం వినిపించింది.