రెండో రోజే వచ్చిన చిప్పులు

సుష్మకు అన్నింటికంటే పెద్ద భయం ఒక్కటే: నడిసముద్రంలోంచి భర్త మణికుమార్ పిలిచే వేళకు వైర్‌లెస్ మూగబోవడం.

షాదీపూర్‌లో ఆమెది పడవల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే కొట్టు. అది పైకి. అసలు ఆమె ఏజెంట్ సెవెన్. చంకలో ఏడాది పిల్ల ఉంటే ఎవరికీ అనుమానం రాదని డిపార్ట్‌మెంట్ నమ్మకం. పిల్ల మాత్రం మారువేషం కాదు, సొంత పిల్లే.

మధ్యాహ్నం మూడున్నరకు చీఫ్ రామ్‌ప్రసాద్ పాత మిక్సీ పట్టుకుని వచ్చాడు.

"దీదీ, పార్టు వచ్చిందా?"

"ఓడ రావాలి భయ్యా."

కోడ్ కలిసింది. పొద్దున్నుంచి తొమ్మిదిమంది ఇదే అడిగారు, ఆమె ఇదే చెప్పింది. సరుకంతా ఓడ మీదే రావాల్సిన ఈ దీవుల్లో ఇంతకంటే అనుమానం రాని కోడ్ లేదు.

ఆయన గొంతు తగ్గించాడు. "విదేశీ ముఠా. టైమ్, ఈరోజు నాలుగు. మన పడవల సెట్లన్నీ ఒక్కసారే చచ్చిపోతాయి. ఆ సందులో ఆయుధాల బోటు వండూర్ దగ్గర దిగుతుంది. గాలివాన వార్నింగ్ కూడా పడవలకు అందదు. ఎలా చేస్తారో మన ఏజెంట్ హిమబిందు కనుక్కుంటోంది."

ఆ పేరు వినగానే సుష్మకు మొన్నటి చిప్పులు గుర్తొచ్చాయి. మణికుమార్ సెట్టుకు ఒక చిప్ కోసం రెండు నెలలు ఎదురుచూసింది. మొన్న హిమబిందు, అడిగిన రెండో రోజే పదకొండు తెచ్చిచ్చింది. సంతోషంలో సుష్మ ఏమీ అడగలేదు. పదకొండు పడవల సెట్లలోనూ తన చేతులతోనే బిగించింది.

"భయ్యా, పన్నెండు రోజులై ఓడ లేదు. వానకి ఫ్లైట్లూ లేవు. మరి మొన్న బిందు తెచ్చిచ్చిన చిప్పులు, నేను పడవల సెట్లలో బిగించినవి, ఎలాగొచ్చాయి?"

"హే భగవాన్! ముఠా బోటులోనే!" రామ్‌ప్రసాద్ మనుషుల్ని తేవడానికి జీపు వైపు పరుగెత్తాడు.

మూడు యాభై ఏడు. వెనక తలుపు తెరుచుకుంది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, చేతిలో లిప్‌స్టిక్. హిమబిందు.

"నీ యాంటెన్నా ఒక్క నిమిషం కావాలి దీదీ." లిప్‌స్టిక్ కొసన ఎర్రలైటు వెలిగింది. అది యాంటెన్నాకు తగిలితే చాలు, పదకొండు చిప్పులూ ఒక్కసారే చస్తాయి.

"బిందూ, మా ఆయన సముద్రంలో ఉన్నాడు!"

"అరే, లేటైతే ఏడుపు, తొందరగా తెస్తే ఏడుపు! నీతో ఎలా వేగడం?"

లిప్‌స్టిక్ యాంటెన్నా తీగ మీదికి దిగుతోంది. మూడు సెకన్లు. పిల్ల కెవ్వుమంది. సుష్మ కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ లాగి లిప్‌స్టిక్‌లోకి గుచ్చింది. ప్లాస్టిక్ కరిగింది. ఎర్రలైటు ఆరింది. హిమబిందు వేళ్లు పట్టుకుని కూలబడింది. రామ్‌ప్రసాద్ మనుషులు వచ్చి ఆమె రెక్కలు విరిచి పట్టుకున్నారు.

సుష్మ మైకు అందుకుంది. "బావా! వినబడతందా? గాలివానొస్తంది, వచ్చీ!"

గరగర. గరగర.

"వినబడతంది. ఏటలా అరుస్తావు? వచ్చేస్తన్నాం."

బోటు దొరికింది. దేశం గట్టెక్కింది. పదకొండు చిప్పులనూ సాక్ష్యం కింద డిపార్ట్‌మెంట్ పీక్కుపోయింది. అసలైనవాటికి ఆర్డర్ పెట్టారు. ఓడ ఎప్పుడొస్తుందో, దేశాన్ని కాపాడినవాళ్లకు కూడా చెప్పరట. ఈరోజు మణికుమార్ మూగ సెట్టుతోనే మళ్లీ చేపల వేటకు వెళ్లాడు. మీలో ఎవరైనా వండూర్ జెట్టీ వైపు వెళ్తే, అతను తిరిగొచ్చాడో లేదో ఒక్కసారి చూసి చెప్పండి.