నకిలీ చేదు

రేడియేషన్ విభాగంలో అందరి నాలుకలూ ఓడిపోయాయి, ఒక్కడి నాలుక తప్ప. ఆ ఒక్కడి మీద ఆమెకు పీకల దాకా కోపం ఉంది.

"ఇది అసలుది. ఇది నకిలీ," అన్నాడతను, రెండో కప్పు కింద పెడుతూ.

ఆమె చేతిలోని చీటీ చూసుకుంది. మళ్లీ కరెక్టే.

"ఎలా చెబుతున్నారండీ?"

"నాలుక చెబుతోంది."

"మీ నాలుకకి వేరే పనేం లేదా?"

"ఉంది. మీరు మాట్లాడనిస్తేగా!"

ఆమె మూలికల ల్యాబ్‌లో పనిచేస్తుంది. గొంతుకీ దవడకీ రేడియేషన్ ఇస్తుంటే రోగులకు నోరు పూసి మంచినీళ్లు కూడా దిగవు. నేలవేము అనే చేదు మూలిక సారంతో పుక్కిలిస్తే ఆ బాధ తగ్గుతుందేమోనని ఆమె ఆశ. ఆశను నమ్ముకుని ఎవరూ మందు ఇవ్వనివ్వరు కాబట్టి పరీక్ష పెట్టాలి. సగంమందికి అసలు సారం, సగంమందికి అదే రంగూ అదే చేదూ ఉన్న నకిలీ నీళ్లు. ఎవరికి ఏది అందిందో వాళ్లు పోల్చుకోకూడదు. నేలవేముకి నకిలీ చేయడమంటే మాటలు కాదు. అందుకే రోగులకు ఇచ్చే ముందు విభాగంలో అందరిచేతా రుచి చూపిస్తోంది. ఆ పనిలో పడి ఆమె అసలు పేరు పోయి 'కషాయం' మిగిలింది. కక్ష కొద్దీ ఆమె అతనికి 'నాలుకగారు' అని పేరు పెట్టింది.

అతని అసలు ఉద్యోగం మెషీన్ దగ్గర. రోగిని బల్ల మీద పడుకోబెట్టి, మొహానికి వలలాంటి మాస్కు బిగించి, మందపాటి తలుపు మూసి, బయట తెర మీద చూస్తూ కూర్చుంటాడు. మాస్కు కింద మాట పెగలదు. అందుకని కళ్లు చూసి అది భయమో, దురదో చెప్పడం అతనికి అలవాటైపోయింది.

ఒక సాయంత్రం ఆమె ట్రే లేకుండా వచ్చింది. బయట వాన. ప్రేమకథ కాబట్టి కాదు, వానాకాలం కాబట్టి. గొడుగు మర్చిపోయినట్టుంది, జడ చివరి నుంచి నీళ్లు కారుతున్నాయి.

"రేపటి నుంచి మీకు శ్రమ లేదు. పరీక్ష ఆపేస్తున్నారు."

"అయ్యో, ఎందుకు?"

"మీ వల్లే. మీరొక్కరు పోల్చగలిగితే రోగులూ పోలుస్తారట. మా ల్యాబ్ పెద్దాయన వదిలేయమన్నారు."

అతను కుర్చీలోంచి లేచాడు.

"నాకసలు తేడా తెలీదండీ."

"ఏంటీ?"

"రెండూ ఒకేలా ఏడ్చాయి."

"మరి ఇన్నిసార్లు ఎలా చెప్పారు?"

"నేను అసలుది ఎత్తినప్పుడు మీరు ఊపిరి బిగబడతారు. కింది పెదవి కొరుక్కుంటారు. నకిలీది ఎత్తితే కిటికీ వైపు చూస్తారు."

ఆమె జడ చివర పిండుకుంది.

"అంటే మీరు కప్పు వంక చూడనే లేదన్నమాట."

"మొదటిరోజు చూశాను."

ఆమె మొహం ఎర్రబడింది. అది కోపమో మరొకటో అతనికి అంతుపట్టలేదు.

"ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"చెబితే మీరు కప్పులు వేరేవాళ్లతో పంపిస్తారు."

"మరి ఇప్పుడెందుకు చెప్పారు?"

"రోజూ నా బల్ల మీద పడుకునేవాళ్లకి మెతుకు దిగట్లేదండీ. మిమ్మల్ని చూడ్డం కోసం వాళ్ల నోరు కొట్టలేను."

మర్నాడు ఆమె పెద్దాయన్ని ఒప్పించి, ఆఖరి రుచి పరీక్ష మెషీన్ గదిలో పెట్టించింది. మెషీన్ ఆపేశారు. హెడ్ నర్సు ట్రే తెచ్చింది. ఆవిడ అతనికి సొంత పిన్ని. ఏది అసలుదో ఆవిడకీ తెలియదు. కషాయం మాత్రం మందపాటి తలుపుకి అవతల, తెర ముందు కూర్చుంది.

అతను పుక్కిలించాడు. ఉమ్మాడు. తల గోక్కున్నాడు. నోటికొచ్చింది చెప్పాడు. సగానికి సగం తప్పు.

"ఏరా, నీ నాలుకకి ఏమైంది?" అంది పిన్ని.

"కనిపించట్లేదు పిన్నీ."

"నాలుకకి కనిపించడమేంట్రా?"

గోడ మీది స్పీకర్ గరగరలాడింది. "చాలా బాగా తప్పులు చెప్పారు. థాంక్స్." ఆమె గొంతే.

పరీక్ష బతికింది. అతనికి నిజంగానే సంతోషం వేసింది. ఇక ఆమె ట్రే పట్టుకుని రాదని గుర్తొచ్చి, వెంటనే దిగులూ వేసింది.

"నాలుకగారూ, కెమెరా వైపు చూడండి. కదలకండి."

రోజూ రోగులకు తను చెప్పే మాటే. అతను కదల్లేదు.

"భయపడుతున్నారు."

"అవునండీ."

"నేను వద్దంటాననా?"

"నేనింకా ఏమీ అడగలేదు కదండీ."

"అడగండి మరి. మైకు ఆన్‌లోనే ఉంది."

పిన్ని ట్రే బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకు రోజూ మిమ్మల్ని చూడాలనుంది. కప్పులు లేకుండా. పెళ్లి చేసుకుందామా?"

స్పీకర్‌లో కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు మెల్లగా కదిలింది. ఎంత తొందరున్నా ఆ తలుపు తన తీరికనే తెరుచుకుంటుంది. మనిషి పట్టేంత సందు దొరకగానే ఆమె పక్కకు తిరిగి దూరి వచ్చేసింది. వచ్చి అతని ఎదురుగా నిలబడింది. ఊపిరి బిగబట్టి ఉంది. కింది పెదవి కొరుక్కుంటోంది.

"ఇది అసలుది," అన్నాడతను.

పిన్ని లేచింది. "మీ అమ్మతో నేను మాట్లాడతాలే. ముందు వెళ్లి మంచినీళ్లతో పుక్కిలించి రా. పెళ్లి మాట మాట్లాడుతూ ఆ చేదు మొహమేంట్రా?"