పురికొస ముడి

పొద్దున్న ఆరింటికే పోర్ట్‌బ్లెయిర్ మిన్నీ బేలో ఎండ చురుక్కుమంటోంది. భారతీదేవి వంటింట్లో పీట మీద కూర్చుని కజ్జికాయల అంచులు నొక్కుతోంది. హాల్లో టీవీలో పీతల సినిమా మళ్లీ నడుస్తోంది. ఐదు రోజుల్లో ఇది తొమ్మిదోసారి.

శంఖాల్లో దూరి బతికే పీతల బొమ్మల సినిమా అది. ఒక పిల్ల పీత శంఖం వద్దని, అలలకి కొట్టుకొచ్చిన కొబ్బరిచిప్పలో కాపురం పెడుతుంది. శంఖం లేనివాళ్లకి ఈ ఒడ్డున చోటు లేదని తండ్రి పీత దాన్ని తరిమేస్తాడు. చివర్లో తుఫానుకి ఆయన శంఖమే పగిలిపోతే, ఆ కొబ్బరిచిప్పే ఆయనకీ నీడవుతుంది.

"నానా, కళ్లు మూసుకోకు. అబ్ తూఫాన్ ఆయేగా!" అంది ఎనిమిదేళ్ల మనవరాలు వాసవి. తాతని నానా అని, అమ్మమ్మని నానీ అని హిందీలోనే పిలుస్తుంది.

"మూసుకోలేదమ్మా, చూస్తున్నా" అన్నాడు గోవిందరాజులు.

విద్యుత్ శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన తన భర్త, బొమ్మల సినిమాకి ఇలా బుద్ధిగా కూర్చుంటాడని భారతీదేవి కలలో కూడా అనుకోలేదు.

పన్నెండేళ్ల కిందట వాళ్ల ఒక్కగానొక్క కూతురు హిమబిందు, రంగత్‌లో తనతోపాటు టీచరుగా చేస్తున్న ఫ్రాన్సిస్ తిర్కీని పెళ్లి చేసుకుంది. రాంచీ నుంచి వచ్చి దీవుల్లో స్థిరపడినవాళ్ల అబ్బాయి. చర్చికి వెళ్లే ఇల్లు. నాకు కూతురు లేదన్నాడు గోవిందరాజులు. హిమబిందు మాత్రం ఏటా దసరాకి తండ్రికిష్టమని కజ్జికాయలు చేసి, రంగత్ బస్సు డ్రైవర్ సూరయ్య చేతికి పార్సిల్ ఇచ్చి పంపేది. మందులైనా శుభలేఖలైనా ఇక్కడ బస్సులోనే వెళ్తాయి. గోవిందరాజులు బస్టాండుకి వెళ్లి, పార్సిల్ ముట్టుకోకుండానే "రేపటి బస్సులో వెనక్కి పట్టుకుపో సూరయ్యా" అని చెప్పి వచ్చేవాడు.

కిందటి వారం హిమబిందుకి కడుపులో గడ్డ అని పోర్ట్‌బ్లెయిర్‌లో ఆపరేషన్ పెట్టారు. పిల్లని ఎక్కడ ఉంచాలో తెలియక ఫ్రాన్సిస్ ఫోన్ చేశాడు. ఫోన్ తీసింది గోవిందరాజులే. అంతా విని "తీసుకురా" అన్నాడు.

రెండో రోజు అన్నం తింటూ వాసవి గలగలా చెప్పింది. "నానీ, మా ఇంట్లో దసరా రెండుసార్లొస్తుంది తెలుసా? పార్సిల్ వాపస్ ఆతా హై నా! నేనూ పాపా మొత్తం తినేస్తాం. మమ్మీ ఒక్కటీ తినదు."

గోవిందరాజులు కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. ఆ సాయంత్రమే మొదటిసారి మనవరాలి పక్కన కూర్చుని సినిమా పూర్తిగా చూశాడు. తుఫాను దగ్గర తువ్వాలు కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు.

ఈరోజు హిమబిందుని ఆసుపత్రి నుంచి పంపేస్తున్నారు. కుట్లు పచ్చిగా ఉన్నాయి, బస్సు కుదుపులు కూడదని రంగత్‌కి పన్నెండున్నర బోటుకి టికెట్లు తీశారు. వెళ్తూ పిల్లని తీసుకెళ్తారు.

"ఏవండీ, అమ్మాయితో ఏమంటారు?" అడిగింది భారతీదేవి, గుమ్మంలోంచి.

"ఏమంటానే! తప్పు నాదే అంటాను. ఆ పీతకొచ్చిన బుద్ధి నాకు రావడానికి పన్నెండేళ్లు పట్టిందంటాను."

ఆమెకి గుండె మీంచి బండ దించినట్టయింది. ఇన్నేళ్లూ తను మనసులో కూతురి పక్షానే ఉంది. అడ్డల్లా ఆయన పంతమే. అదీ కరిగింది.

"నానీ, ఈ సినిమాలో అందరికంటే బోర్ ఎవరో చెప్పనా?" వాసవి వంటింట్లోకి వచ్చి వేడి కజ్జికాయ తీసుకుంది. "మమ్మీ కేకడా, అదే తల్లి పీత. వెనకాల నిలబడి కళ్లు తుడుచుకుంటుంది, బస్, అంతే."

"పాపం, అదేం చేస్తుందే? ఆయన కోపం అలాంటిది."

"ఏదో ఒకటి అనొచ్చు కదా!" అని పిల్ల తుర్రుమంది. భారతీదేవి నవ్వబోయి, మూకుడు వైపు తిరిగింది.

పదకొండింటికి గేటు ముందు ఆటో ఆగింది. హిమబిందు కడుపు మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా మెట్లెక్కింది. ఫ్రాన్సిస్ సంచులతో గేటు బయటే నిలబడ్డాడు.

"నువ్వూ లోపలికి రా బాబూ" అన్నాడు గోవిందరాజులు.

"పర్లేదు అంకుల్, బోటుకి లేటవుతుంది" అన్నాడతను మర్యాదగా.

హిమబిందు వరండాలో పేము కుర్చీ అంచున కూర్చుంది. గోవిందరాజులు ఎదురుగా నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా గబగబా అనేశాడు. "తప్పు నాదమ్మా. పిల్లతో కలిసి ఆ పీతల బొమ్మ చూశాను. నన్ను నేను చూసుకున్నట్టుంది. మన్నించు."

"నేనూ చూశాను నాన్నా, వాసవితో కలిసి నలభైసార్లు" అంది హిమబిందు. "అక్కడ తుఫాను సమయానికొస్తుంది, అందరూ ఒకచోట చేరతారు. నా తుఫాను ఎనిమిదేళ్ల కిందటే వచ్చి వెళ్లిపోయింది." కుట్ల మీద చెయ్యి సర్దుకుని అంది, "నీ మీద కోపం లేదులే. నువ్వు కట్టు విప్పకుండా పంపేవాడివి. కోపం కదా, ఎప్పటికైనా తగ్గుతుందనుకునేదాన్ని."

భారతీదేవి కొంగుతో కళ్లొత్తుకుంటూ లోపలికి వెళ్లి కజ్జికాయల పొట్లం తెచ్చింది. పాత పేపరు చుట్టి, పురికొసతో గట్టిగా కట్టింది. "దారిలో తినమ్మా."

హిమబిందు పొట్లం అందుకోలేదు. దాని మీది ముడి వైపు చూసింది.

"ఈ ముడి నాకు తెలుసమ్మా."

భారతీదేవి పొట్లం వెనక్కి లాక్కుంది.

"వాసవి కడుపులో ఉన్న ఏడాది. నేను కట్టింది ఒంటి ముడి. తిరిగొచ్చింది రెండు మెలికల ముడి. చిన్నప్పుడు నా టిఫిన్ గుడ్డకి నువ్వు కట్టేదే."

"హిమా... మీ నాన్న..."

"నాన్నకి తెలీదు. ఆయన ఉత్తరం చదవలేదు. నువ్వు చదివావు."

"ఏం ఉత్తరం భారతీ?" అన్నాడు గోవిందరాజులు.

ఎనిమిదేళ్ల కిందట ఆ దసరాకి బస్సు ఆలస్యమై, సూరయ్య పార్సిల్ ఇంటికే తెచ్చిచ్చాడు. గోవిందరాజులు ఇంట్లో లేడు. ఆమె విప్పింది. పైనే ఉత్తరం. ఎనిమిదో నెలమ్మా, ఇక్కడ నాకెవరూ లేరు, పది రోజులు వచ్చి వెళ్లు, ఇంటికి రాలేకపోతే ఆసుపత్రికైనా రా. ఆమె ఏడ్చింది. ఆయన వచ్చే వేళయిందని ఉత్తరం మడిచి లోపల పెట్టి, ముడి వేసి, "సూరయ్య ఇచ్చాడండీ, నేను ముట్టుకోలేదు" అంది.

"రోజూ నీకోసం ఏడుస్తూనే ఉన్నానమ్మా."

"ఏడ్చే ఉంటావు." హిమబిందు గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయింది భారతీదేవి. "నొప్పులప్పుడు పక్క మంచం ఆవిడ వాళ్లమ్మ, తన కూతురికి కాచిన నీళ్లలో నాకూ ఇన్ని పోసింది. గవరమ్మగారు. రంగత్‌లో వాసవి నానీ అని పిలిచేది ఆవిడనే."

కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. "సెలవులకి పిల్లని పంపుతాను నాన్నా. దాన్ని మీకు దూరం చెయ్యను. నన్ను మాత్రం రమ్మనకండి."

"ఇదైనా తీసుకెళ్లమ్మా" అంది భారతీదేవి, పొట్లం చాపి.

"బరువులు మొయ్యొద్దన్నారు" అంది హిమబిందు.

వాసవి ఆటోలోంచి తల బయటపెట్టి అరిచింది. "నానీ, పెన్‌డ్రైవ్ టీవీకే ఉంది. రఖ్ లో, ఉంచుకోండి! నానా చూసుకుంటారు."

ఆటో మలుపు తిరిగింది. గోవిందరాజులు గేటు పట్టుకునే ఉన్నాడు. భారతీదేవి ఉత్తరం సంగతి చెప్పింది, ఒక్క మాట కూడా దాచకుండా. ఆయన తిట్టలేదు. "ఇన్నాళ్లూ పాపం నా ఒక్కడిదే అనుకున్నానే" అని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

హాల్లో సినిమా పొద్దుట్నించీ మళ్లీ మళ్లీ నడుస్తూనే ఉంది. భారతీదేవి పొట్లం ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఇన్నిసార్లు చెవిన పడిన సినిమాలో తల్లి పీత గొంతు ఎలా ఉంటుందో ఆమెకి గుర్తు రాలేదు. మళ్లీ మొదట్నించీ పెట్టుకుంది.

తండ్రి పీత ఒడ్డు మీద గీత గీశాడు. పిల్ల పీత కొబ్బరిచిప్పతో వెనక్కి చూసుకుంటూ వెళ్తోంది. తల్లి పీత వెనకాల నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"ఒక్క మాట అనవే" అంది భారతీదేవి టీవీతో, వెక్కుతూ. "అది వెళ్లిపోతోంది. నోరు తెరిచి ఒక్క మాట అనవే!"