ముందు పెడల్

"అయ్యో! అయ్యయ్యో! నా కొడుకు సైకిల్ని నిలువునా కోసేసిందే!"

అత్తగారి కేకకు కోడలి చేతిలో రంపం ఆగిపోయింది. వెనకగది తలుపుకు గడియ పెట్టడం మరిచిపోయానని ఆమెకు అప్పుడు తెలిసింది. గడపలో అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కొయ్యబారి నిలబడిపోయింది. ఆ వెనకే కోడలి కూతురు, అల్లుకుంటున్న జడ చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. గది నేలంతా ఇనుప రజను. ఆ రజను మధ్య సైకిలు... కాదు, ఒకప్పటి సైకిలు!

మామూలు సైకిలు కాదది. రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు, ముందొకరు వెనకొకరు కూర్చుని తొక్కేది. పెళ్ళయిన కొత్తలో పాత సామాన్ల కొట్టులో తుప్పుపట్టి పడి ఉంటే కోడలి భర్తే ముచ్చటపడి కొన్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఆమె బడిలో డ్రాయింగు టీచరు. వారమంతా ఎవరి పని వారిదే. ఆదివారం తెల్లవారిందంటే మాత్రం ఇద్దరూ ఆ సైకిలెక్కి ఊరి చివరి గుట్టకు బయల్దేరవలసిందే. వీధిలోవాళ్ళు వాళ్ళకు 'జోడెడ్ల బండి' అని పేరు పెట్టారు. పోయిన వానాకాలం ఒక ఆదివారం గుట్ట మీదికి చేరాక, కాసేపు గాలి పీల్చుకుంటానని బండ మీద కూర్చున్న మనిషి, కూర్చున్నచోటే గుండె ఆగి ఒరిగిపోయాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో అత్తగారిది ఒకటే మాట... నా కొడుకును గుట్టకు ఈడ్చుకుపోయి చంపింది!

ఆ మాటకు కోడలు ఒక్కనాడూ బదులు చెప్పలేదు.

"మనిషిని మింగావు చాలలేదా? వాడు చేత్తో తుడుచుకున్న సైకిలు కూడా కళ్ళముందు ఉండకూడదా నీకు?" అత్తగారు గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. రెండడుగులు వేసి, మళ్ళీ ఆగిపోయింది. "ఏమిటే... ఏమిటది?"

గోడకు ఆనించి మనిషెత్తు చెక్క ఉంది. దాని మీద గుట్ట. ఆయన రెయిన్‌కోటు ముక్కలు మబ్బులయ్యాయి. చక్రాల పుల్లలు ఏటవాలు వానయ్యాయి. ట్యూబు రబ్బరు కత్తిరించి అంటిస్తే గుట్టను చుట్టుకుంటూ నల్లని దారి అయింది. ఆ దారి మీద, చెక్క నిండుగా, ఒక మగమనిషి వీపు... ఆయన నీలం చొక్కాయే! రెండు భుజాల మధ్య చెమట పట్టినచోట ముదురు రంగు పూసి ఉంది. మెడ దగ్గర నెరిసిన వెంట్రుకలు తెల్లదారంతో ఒక్కొక్కటిగా కుట్టి ఉన్నాయి.

"నాన్న!" కూతురు జడ వదిలేసి బొమ్మ దగ్గరకు వచ్చింది. "మరి... మొహం ఏదమ్మా?"

"వెనక సీట్లో కూర్చునేదాన్ని కదమ్మా. నాకు కనిపించింది అదే."

"మొహం లేకుండా బొమ్మేమిటే, అపశకునంలాగా!" అత్తగారు ఏడుస్తూనే కసిరింది.

కూతురు మాత్రం తల్లి వైపే చూస్తోంది. ఇన్నాళ్ళూ నాయనమ్మ ఎన్ని మాటలన్నా ఆ పిల్ల నోరు మెదపలేదు. ఇప్పుడు మెల్లగా అంది. "అమ్మా, ఒకటి అడుగుతాను. నాన్నకు గుండె బాగాలేదని నీకు ముందే తెలుసా?"

అత్తగారి మాటలు ఆమెకు అలవాటైపోయిన దెబ్బలు. ఇది అలా కాదు... కన్నకూతురి నోటి నుంచి!

"తెలుసు."

"తెలిసే... తెలిసే తొక్కించావా నాన్నచేత!"

ఆమె ఏదో చెప్పబోయి మానేసింది. పిల్లలకు రోజూ బోర్డు మీద గీసి చూపించే మనిషి ఆమె. మాటలకంటే చేతులే ఆమెకు నమ్మకం. అత్తగారి చేయి పట్టుకుని బొమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది. చెక్క అడుగున సైకిలు నుంచి కోసిన రెండు పెడళ్ళు, వాటిని కలిపే చైను బిగించి ఉన్నాయి.

"ఈ ముందు పెడల్ ఆయనది. పట్టుకోండి అత్తయ్యా. తిప్పకండి, ఊరికే పట్టుకోండి."

"నాకెందుకే ఈ ఆటలు!" అంటూనే ముసలమ్మ పట్టుకుంది.

కోడలు నేల మీద కూర్చుని వెనక పెడల్ తిప్పసాగింది. చైను కదిలింది. అత్తగారి చేయి దానంతటదే పైకి లేచింది, కిందికి దిగింది, మళ్ళీ లేచింది.

"నేను తిప్పడం లేదే! అదే లాక్కుపోతోంది!"

"ఆఖరి ఏడాదంతా ఆయన కాళ్ళు తిరిగింది అలాగే అత్తయ్యా."

కోడలు పెడల్ తిప్పుతూనే చెప్పుకొచ్చింది.

"నేను వద్దని మొత్తుకున్నాను. 'డాక్టరు తొక్కొద్దన్నాడు గానీ ఎక్కొద్దనలేదుగా' అన్నారు. 'అమ్మకు చెప్పకు, రోజూ నా మొహం చూసి ఏడుస్తుంది, ఆ ఏడుపు నేను చూడలేను' అని ఒట్టు వేయించుకున్నారు. ఆయన పోయాక మాత్రం... కొడుకు మీ దగ్గర దాచాడని ఏ నోటితో చెప్పను?"

"ఎక్కొద్దనలేదుగా... ఆహా, అచ్చం వాడి మాటే!" అత్తగారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలోనే ఆ ముఖం పాలిపోయింది. "అంటే... ఇద్దరి బరువూ... ఆ గుట్ట మీదికి... నువ్వొక్కదానివే లాగావుటే? కాళ్ళు పీకుతున్నాయని వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే, షికార్లకు లేని నొప్పి ఇంటిపనికి వచ్చిందా అని నేనే కదే నిన్ను సాధించాను! నా నోరు పడిపోను!"

"అంతంత మాటలొద్దు అత్తయ్యా..."

కూతురు వచ్చి తల్లి పక్కన చతికిలబడింది. వెనక పెడల్ పట్టుకున్న తల్లి చేతిమీద తన చేయి వేసింది.

అత్తగారు కూడా మోకాళ్ళు పట్టుకుని నేలమీదికి దిగింది. ముందు పెడల్‌ని ఈసారి రెండు చేతులా, పసివాడి పాదాన్ని పట్టుకున్నట్టుగా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"తొక్కు."

చైను కదిలింది. ముసలి చేతులు పైకి లేచాయి, కిందికి దిగాయి.

"మెల్లగా తల్లీ... మెల్లగా. వాణ్ణి అంత తొందరగా పైకి చేర్చెయ్యకు."