రెండో మోత

"కొండ మీది రాడార్ జాడ శత్రువుకు సగం తెలిసిపోయింది, ఫణీంద్రా. మిగిలిన సగం ఈ రోజు తెలుస్తుంది."

ఇయర్‌పీస్‌లో చీఫ్ సర్వేశ్వరరావు గొంతు. అరకు లోయలో మంచు ఇంకా విడలేదు. సరిహద్దులో యుద్ధం, సముద్రతీరంలో బ్లాకౌట్. అందుకే తీరంలోని ఓ పాత విశ్వవిద్యాలయం తన క్రీడల పోటీలను కొండల్లోకి మార్చుకుంది. వాటితోపాటు అసిస్టెంట్ కోచ్ వేషంలో ఏజెంట్ ఫణీంద్ర వచ్చాడు. మెడలో విజిల్, నడుమున స్టార్టర్ పిస్టల్. ఒక మోతకు పరుగెత్తాలి. ఆ వెనుకే రెండోది మోగితే ఫాల్స్ స్టార్ట్, ఆగిపోవాలి.

"అనుమానితులు?"

"సుమ చెబుతుంది. మన మనిషే."

సుమ అంటే స్పాన్సర్ కంపెనీ ప్రతినిధి. నల్లకళ్ళద్దాలు, మంచు సైతం కరిగేలా ఉండే నవ్వు.

"బొంగులో చికెన్ దొరుకుతుందా?" అన్నాడు ఫణీంద్ర.

"ఇవాళ ఉపవాసం," అంది సుమ. కోడ్ కలిసింది. ఆమె ట్యాబ్ చూపింది. కంపెనీ కానుకగా ఇచ్చిన వాచీలు పరుగు పోటీ అమ్మాయిల అడుగులను మ్యాపు మీద గీతలుగా గీస్తున్నాయి. "సాధనలో అన్ని గీతలూ కొండ దారిలోని చెట్లతోపు దాటి సాగాయి. ఒక్కటి మాత్రం రోజూ తోపు మొదట్లో ఆగుతోంది. కొర్రా సత్యకుమారిది. దాచేదేమీ లేకపోతే వాచీ ఎందుకు విప్పుతుంది?"

ఫణీంద్రకు అది చాలింది. మైదానంలో, అందరి ఎదుట, ఆ అమ్మాయి సంచి బోర్లించాడు. చోడిపిండి అంబలి సీసా దొర్లింది. మాసిన తువ్వాలు పడింది.

"ఏటి సార్, ఏటి ఎతుకుతన్నారు?"

"తోపు దగ్గర వాచీ ఎందుకు విప్పుతున్నావు?"

"అమ్మోరి తోపు సార్ అది. జోళ్ళు, ఇనుము తొడుక్కుని ఎల్లకూడదు. రాయి మీద ఎట్టి, తిరిగొచ్చేటప్పుడు తీసుకుంతాను."

"మా గుంటకి మంత్రాలు కూడా వచ్చు సార్!" అంది తోటి రన్నర్ గాయత్రి. నవ్వులు.

ఫణీంద్ర సత్యకుమారి ఛాతీ మీది నంబరు గుడ్డ ఊడదీశాడు. ఈ పరుగు గెలిస్తేనే జాతీయ జట్టులో చోటు. ఆమె ఏడవలేదు. అంబలి సీసాకు మూత బిగించి, పక్కన నిలబడింది.

పిస్టల్ మోగింది. అమ్మాయిలు కదిలారు. తోపు వైపు మలుపు తిరుగుతున్నారు.

"ఫణీంద్రా, పొరబడ్డాం!" ఇయర్‌పీస్‌లో చీఫ్ అరిచాడు. "రాడార్ దగ్గర వాచీ సిగ్నల్ చెదురుతుంది. చెదిరిన గీతలే శత్రువుకు అందాయి. ఇవాళ పరుగు తోపు దాటాక ఆగకుండా, కొండ రెండో వైపుకూ వెళ్తుంది. రెండు వైపులా కలిస్తే రాడార్ దొరికినట్టే. సుమ రెండు చోట్లా జీతం తీసుకుంటోంది!"

ఆగిన గీత ఒక్కటే నిర్దోషి. దానినే అతడు దోషిని చేశాడు.

పిస్టల్ ఎత్తాడు. కొండలు ప్రతిధ్వనించేలా రెండో మోత మోగింది. సాధనలో రాటుదేలిన అమ్మాయిల కాళ్ళు, ఎందుకని అడగకుండానే, తోపు వాకిట ఆగిపోయాయి. సుమ ట్యాబ్ మూసి కారు వైపు ఉరికింది. చీఫ్ మఫ్టీలో ఉంచిన పోలీసులు ఎంతో మర్యాదగా తలుపు తీసి పట్టుకున్నారు.

"సత్యకుమారీ... ఆ వాచీలు..." ఫణీంద్ర తోపు వైపు చేయి చూపాడు.

ఆమె అప్పటికే పరుగు తీసింది. "బేగి ఇప్పండే! రాయి మీద ఎట్టండి!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫణీంద్ర రొప్పుతూ చేరేసరికి రాయి నిండా వాచీలు.

"మీది కూడా సార్. తుపాకీ కూడా," అంది సత్యకుమారి.

పెట్టాడు. బూట్లు విప్పాడు. జేబులోంచి నంబరు గుడ్డ తీసి, తలెత్తలేక, రెండు చేతులతో అందించాడు.

"ఫాల్స్ స్టార్ట్ ఎవరిది సార్?" అంది గాయత్రి.

"నాది."

సత్యకుమారి గుడ్డకు పిన్నులు పెట్టుకుంటూ అంది: "అయితే రూలు పెకారం మీరు రేసులో ఉండకూడదు సార్. జోళ్ళు సూసుకోండి."

అమ్మాయిలు జోళ్ళు విప్పి, వట్టికాళ్ళతో తోపులోకి సాగారు. దేశ రహస్యాలు కాపాడే ఏజెంట్ ఫణీంద్ర, పరుగు ముగిసేదాకా, జోళ్ళకు కాపలా కాశాడు.