కోట తలుపు మూసిందెవరు?

ఫోన్ తెర మీద కోట తలుపు మూసుకుని ఉంది. దాని కింద ఎర్రటి అక్షరాలు: "నమోదైన నంబర్ నుంచి కోరినందున ఈ ఖాతా మూసివేయబడింది."

చందన నాలుగోసారి తెరిచి చూసింది. అదే తలుపు, అవే అక్షరాలు. గోడ గడియారంలో పది ఇరవై. పదకొండింటికి పోటీ.

"అన్నా!"

ఆ కేకకి వంటింట్లో ఏదో గిన్నె జారిపడింది. వీరేశ్ సగం గీసుకున్న గడ్డంతో పెరట్లోంచి ఉరికొచ్చాడు.

"ఏందే, ఇల్లు కూలిందా?"

"ఆట బంద్ చేసిండ్రు. మన నంబర్ నుంచే ఎవరో బంద్ చేయమన్నరట!"

'కోట వీరులు' నాలుగు భాగాలుగా వచ్చిన యుద్ధపు ఆట. నారాయణఖేడ్ బస్టాండ్‌లో, చాయ్ హోటళ్ల బల్లల మీద ఏ కుర్రాడి చేతిలో చూసినా అదే. చందన రెండేళ్లు అన్న పేరుతో, మైకు మూసుకుని ఆడింది. ఆఖరి పోటీకి ఎంపికయ్యాక పోయిన వారమే తన సొంత పేరు పెట్టుకుంది. రాష్ట్రం మొత్తం మీద ఇరవై మంది మిగిలారు. మొదటి ఎనిమిది మందికి హైదరాబాద్‌లో ఆ కంపెనీలోనే ఉద్యోగం, కొత్త ఆటల్ని ఆడి తప్పులు పట్టే పని. ఇంటర్‌తో చదువాగిపోయి, తండ్రి షాపులో కాలిన మోటార్లకు రాగి తీగ చుడుతున్న ఇరవై ఏళ్ల పిల్లకి అంతకంటే దగ్గరగా ఏ తలుపూ ఎప్పుడూ తెరుచుకోలేదు.

అది ఇప్పుడు మూసుకుపోయింది. ఇంకా నలభై నిమిషాలు.

చందన కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అవతల ఒక యువకుడి గొంతు, తొందర లేకుండా.

"మేడమ్, ఈ రోజు ఉదయం ఏడు పదికి మీ నంబర్ నుంచే కాల్ వచ్చింది. రహస్య ప్రశ్నకి సరైన జవాబు చెప్పారు. అందుకే మూశాం."

"నేను చేయలేదు సార్! మళ్లీ తెరవండి!"

"కాల్ చేసిన వ్యక్తే మాట్లాడాలండి. రికార్డయిన గొంతుతో కలవాలి. పేరు చెప్పి, కోరిక వెనక్కి తీసుకుంటున్నామనాలి. పదకొండు దాటితే మీ స్థానం తర్వాతి వాళ్లకి వెళ్తుంది."

"ఆడ గొంతా, మగ గొంతా? అదన్నా చెప్పండి సార్."

"ఆ వివరం చెప్పడానికి మాకు అనుమతి లేదండి. లైన్‌లోనే ఉంటాను."

ఆ నంబర్ తండ్రి దేవప్పది. రేషన్, గ్యాసు, బ్యాంకు అన్నిటికీ ఆ ఇంట్లో ఇచ్చేది ఆ ఒక్క నంబరే. ఆటకీ అదే ఇచ్చింది చందన. ఆ బటన్ల ఫోను పొద్దున ఎనిమిది దాకా వంటింటి గూట్లో చార్జింగ్‌లో ఉంటుంది. ఇంట్లో ఎవరైనా తీయొచ్చు.

వీరేశ్ కబురు చేస్తే దేవప్ప షాపు నుంచి వచ్చాడు, చేతులకి ఇంకా వార్నిష్ అంటుకునే ఉంది. విషయం విని నేరుగా కొడుకు చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వే గదరా! చెల్లె ముందుకు పోయింది, నువ్వు జిల్లాలనే ఓడిపోయినవ్. కడుపుమంట!"

"ఓడిపోయిన, ఒప్పుకుంట నాయినా. గని నేనెందుకు బంద్ చేయిస్త? గది మొగపోరగాళ్ల ఆట, నీకెందుకే అన్నది నువ్వు గాదా?"

"అన్నది నేనే! ఇప్పుడు గూడ అంట. గా బొమ్మలు జూస్తేనే ఎరుకైతలేదా ఎవరి కోసం చేసిండ్రో? అందరికి బెత్తెడు మీసాలు!"

"మీసాలు బొమ్మకున్నయి నాయినా, ఆడేటోళ్లకుండాల్నని యాడ రాసి లేదు," అంది చందన.

"మూడు భాగాల దాకా ఒక్క ఆడమనిషి లేదు," వీరేశ్ ఊరుకోలేదు. "నాలుగోదాంట్ల ఒకామెను పెట్టిండ్రు. కత్తి ఇచ్చిండ్రు గని బట్టలియ్యలే."

మూల మంచం మీద కందులు ఏరుతున్న నాయనమ్మ ఈరమ్మ తలెత్తింది. "అయ్యో పాపం. సలికాలం ఎట్లరా ఆమెకు?"

ఎవరూ నవ్వలేదు. పది ముప్పై ఐదు.

"నాయినా, పొద్దుగాల ఫోన్ నువ్వు ముట్టినవా? నిజం చెప్పు," అంది చందన.

దేవప్ప ముఖం నల్లబడింది. "నాకిష్టం లేకుంటే మొఖం మీదనే అంట బిడ్డా. దొంగసాటు పని దేవప్ప చేయడు."

అది నిజమని అందరికీ తెలుసు. వీరేశ్ చెల్లెలి ముఖం చూశాడు. చెంపల మీద కన్నీళ్లు ఆగకుండా కారుతున్నాయి. చటుక్కున ఫోన్ లాక్కున్నాడు.

"సార్, నేనే చేసిన. పేరు వీరేశ్. వాపస్ తీసుకుంటున్న."

అవతల కీబోర్డు టకటక.

"లేదండి. ఆ గొంతు కాదు."

దేవప్ప చేయి కొడుకు చొక్కా మీంచి జారిపోయింది. వాడు చేయని నేరమే నెత్తిన వేసుకున్నాడు.

"ఇటియ్యిరా, నేను మాట్లాడ్త," ఈరమ్మ చేయి చాపింది. "నేనే చేసిన్నంట. ముసలిదాన్ని, జైల్ల పెడ్తరా ఏంది?"

"గొంతు కలవాలంట అవ్వా!" వీరేశ్ తల పట్టుకున్నాడు.

పది నలభై ఎనిమిది. చందన మెదడు ఒక్కసారి గిర్రున తిరిగి ఒకచోట ఆగింది. రహస్య ప్రశ్న!

'నువ్వు చూసిన గొప్ప ఆటగాడు ఎవరు?' అదీ ప్రశ్న. దానికి తను పెట్టుకున్న జవాబు: కంగ్టి దొర.

ఆ పేరు అన్నకి తెలియదు. నాయినకి తెలియదు. ముప్పై ఏళ్ల కిందట కంగ్టిలో పదకొండేళ్ల పిల్ల ఒకతి మగపిల్లలతో గోలీలాడి, ఊళ్లో ఉన్న గోలీలన్నీ గెలుచుకుంది. ఓడిన పిల్లలే ఆమెకి 'దొర' అని పేరు పెట్టారు. ఒకరోజు ఆమె తండ్రి, ఆడపిల్లకి మగాళ్ల ఆటేమిటని, గోలీల డబ్బా తీసుకెళ్లి బావిలో పడేశాడు. ఆ సంగతి ఆమె జీవితంలో ఒక్కరికే చెప్పింది, ఒక వానాకాలం మధ్యాహ్నం, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని.

చందన మెల్లగా వంటింటి వైపు తిరిగింది.

రుక్కమ్మ గడపలో నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లీ కూతుళ్ల చూపులు కలిశాయి.

చందన నోరు తెరిచింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే నాయిన ఏం చేస్తాడో తెలియదు. అమ్మ ఈ ఇంట్లో మళ్లీ తలెత్తుతుందో లేదో తెలియదు. నోరు మూసుకుంది.

"సార్, పెట్టేయండి," అంది ఫోన్‌లో. "ఎవరో దొరుకుతలేరు."

"చందనా!" దేవప్ప అరిచాడు. "ఇంకా పది నిమిషాలున్నది గదా!"

"వద్దు నాయినా. ఇగ ఇడిచిపెట్టు."

ఆమె వేలు ఎర్ర బటన్ మీదికి వెళ్లింది.

"ఆగు!"

రుక్కమ్మ వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది. చేతికి పిండి అంటుకుని ఉంది.

"ఎరుకైంది గదా నీకు. ఎందుకు చెప్తలెవ్వే?"

"నువ్వు ఒట్టేయించినవ్ గదనే."

ఆ మాటకి రుక్కమ్మ కూలిపోయినట్టు నేల మీద కూర్చుంది. "ఇయ్యాల మొఖం కనవడాలె, మైకులో మాట్లాడాలె అన్నవ్. గా మైకుల మొగోళ్లు తిట్టుకునే బూతులు నేను విన్ననే. ఆ బట్టల్లేని బొమ్మను చూసిన. రేపు బస్టాండ్ల ప్రతి పోరడు నిన్ను గట్లనే చూస్తడని బుగులైంది. పోటీ కోసం నువ్వు సంతకం పెట్టించుకున్న కాగితం మీదనే ఉండె కంపెనీ నంబరు..."

దేవప్ప ఏదో అనబోయాడు. ఈరమ్మ చేయెత్తి ఆపింది. "చెప్పనియ్యిరా."

"ఫోన్ల గాయన ప్రశ్న అడిగిండు. నువ్వు చూసిన గొప్ప ఆటగాడెవరని. మొదాలు సమజ్ కాలే. తర్వాత నా పేరే నోట్లకొచ్చింది. నా బిడ్డ నన్ను అంత పెద్దగ పెట్టుకున్నదని అప్పుడే ఎరుకైంది. అక్కడ ఆగాల్సిన. ఆగలే. మా నాయిన డబ్బా బావిల ఏసినప్పుడు నీళ్ల చప్పుడు నాకింకా ఇనవడ్తది. నేను గూడ గదే చేసిన బిడ్డా, నీకు గదే చేసిన..."

చందన తల్లి పక్కన కూలబడి ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. ఇద్దరి మధ్యా ఫోన్ ఇరుక్కుంది.

"హలో? ఇంకా నాలుగు నిమిషాలుందండి," అవతలి గొంతు.

రుక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. భర్త వైపు, కొడుకు వైపు చూసి, ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"సారూ, బంద్ చేయమని చెప్పింది నేనే. వాపస్ తీసుకుంటున్న. జల్దీ తెరువుండ్రి."

అవతల మళ్లీ అదే టకటక.

"గొంతు కలిసిందండి. రికార్డు కోసం మీ పేరు గట్టిగా చెప్పండి."

ఆమె వీపు నిటారుగా చేసుకుంది. ఇంట్లో అందరికీ, కేకలు విని వాకిట్లో ఆగిన పక్కింటివాళ్లకీ వినబడేలా చెప్పింది:

"రుక్కమ్మ. చందన వాళ్ల అమ్మను. కంగ్టి దొరను."